మకుట మెవరిది?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సమావేశములో చేసిన ప్రసంగపాఠము)



ఈ యేటి ఉత్సవమునకు కూడ మన పిల్లలు ఏకపాత్రాభినయములు సిద్ధపరచుకొన్నారు. గద భుజముపై నుంచుకొని, మీసము దువ్వుచు మయసభలో అడుగుపెట్టు దుర్యోధనుడు వారిలో తప్పక యుండును. అతడు లేని తెలుగు బడి పండుగను మేమింతవరకు చూడలేదు. ఆ బాలుడు తన వంశమును పొగడుకొనును. తన తమ్ముల సంఖ్యను చెప్పుకొనును. పాండవుల సంపద తనకొక లెక్కయా యని నవ్వును. మనము చప్పట్లు కొట్టుదుము. కాని అతడు లెక్కలేదన్న కొలదియు, ఆ సంపద అతని గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొని యున్నదని మనకు తెలిసిపోవుచుండును. అతడు చెప్పదలచినది ఒకటి. మనకు వినబడినది మరియొకటి. ఈ రెంటి నడుమనున్న యెడమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఇంగ్లండులో విక్టోరియా రాణి సింహాసనమెక్కుటకు (1837) కొంచెము ముందుగనే పుట్టి, ఆమె పాలనాకాలమున పెంపొందిన ఒక కావ్యరూపము ఈ యెడమునే ఆధారముగా చేసికొన్నది. దానిని మన మాటలలో ఏకపాత్రకావ్యమనవచ్చును. అందు కవి తన మాటగా ఏమియు చెప్పడు. ఒక పాత్రను కల్పించి, మొదటినుండి చివరివరకు ఆ పాత్ర నోటనే పలికించును. ఇది మంచి, ఇది చెడు అని నిర్ణయించుటకు సూత్రధారుడు రాడు. ప్రక్కనుండి మారుమాట చెప్పువాడును లేడు. తీర్పు చెప్పవలసిన భారము చదువరిపై పడును. ఈ రూపమును తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు ఇరువురు: రాబర్టు బ్రౌనింగు, ఆల్ఫ్రెడ్ టెన్నిసన్.

వీరిరువురును ఇంచుమించు ఒకే కాలమున ఒకే తావునకు వచ్చిరి. భక్తి అను పేర తన్ను తానే మోసగించుకొను మనుష్యుని మనస్సు ఎట్లుండును? బ్రౌనింగు 1836లో ‘జోహన్నెస్ అగ్రికోలా’ అను కవితను ప్రకటించెను. లూథరు కాలపు జర్మను బోధకుని పేరు దానికి పెట్టబడినది. ఆ వక్త ఆకాశమువంక చూచుచు, సృష్టికి ముందే దేవుడు తన్ను ఎన్నుకొన్నాడనియు, తాను ఏ పాపము చేసినను అంటదనియు, జీవితమంతయు నిష్ఠతో గడపిన యతులును, చిన్న బిడ్డలును నరకమున నున్నారనియు ప్రశాంతముగా చెప్పుకొనును. వినువాడు ఒక్కడును లేడు. అయిదేసి పాదముల చొప్పున, అంత్యప్రాసలతో బిగించిన పద్యము. మాట ఎచ్చటను తొట్రుపడదు. వెర్రి కేకలతోనే రావలెనని లేదనియు, చక్కగా దువ్వుకొన్న తలతో, కొలిచిన అడుగులతో కూడ రావచ్చుననియు ఆ ఛందస్సే చెప్పుచున్నది. 1842లో ఆ కవి దీనిని వేరొక కవితతో జతచేసి, ‘పిచ్చి ఆసుపత్రి గదులు’ అను అర్థము వచ్చు శీర్షిక క్రింద అచ్చు వేసెను. తరువాతి కాలమున ఆ పలకను తానే తీసివేసెను. పలక లేకున్నను చదువరి తెలిసికొనవలెననియే కాబోలు.

నేడు మేము ఎక్కువసేపు నిలువదలచినది టెన్నిసన్ కవితయొద్ద. దాని పేరు ‘సెయింట్ సిమియన్ స్టయిలైటీస్’. 1833లో వ్రాయబడి, 1842లో అచ్చయినది. గ్రీకు భాషలో స్టయిలాస్ అనగా స్తంభము. సిమియన్ అను తపస్వి అయిదవ శతాబ్దమున సిరియా దేశములో, అలెప్పో నగరమునకు చేరువ నొక కొండపై, ముప్పది యేండ్లకు పైగా స్తంభము మీదనే జీవించెను. క్రీస్తు శకము 459లో మరణించెను. ఇచ్చట నొక మాట స్పష్టము చేయవలెను. చరిత్రలోని సిమియను క్రైస్తవులకు పూజ్యుడు. అతనిని స్వయముగా ఎరిగిన థియొడొరెట్ అను బిషప్పు, ఆయన దినదినమును జనుల తగవులు తీర్చెననియు, వినయశీలి యనియు వ్రాసెను. టెన్నిసన్ సిమియను వేరు. అతడు కవి కల్పించిన పాత్ర. ఏ మతమునకును ఇది నింద కాదు. ఏ మతమునందైనను, ఏ మతమును లేనివానియందైనను పుట్టదగిన ఒక రోగమునకు ఇది నిదానము.

కథ అనదగినది స్వల్పము. ముసలి తపస్వి స్తంభాగ్రమున నిలిచి మాటలాడుచుండును. మొదట దేవునితో, పిమ్మట క్రింద గుమిగూడిన జనముతో, తన కగపడినట్లు తోచిన దేవదూతతో, తుదకు మరల దేవునితో. తాను పాపినని చెప్పును. పడిన బాధలను లెక్కించును. పుణ్యపురుషులకు దొరకు కిరీటమును కోరును. తాను ఆ రాత్రియే మరణింతునని గంటతో సహా చెప్పి ముగించును. ఇంతియే. ఇక భాషను చూతము.

మొదటి ఎనిమిది పాదములును ఒకే వాక్యము. నాలుగు పాదములు తన నీచత్వమును వర్ణించుటకు, నాలుగు పాదములు పుణ్యపురుషుడను కాగల ఆశను విడువనని చెప్పుటకు వినియోగింపబడినవి. ఆంగ్లమున ఆ వాక్యము ‘ఆల్దో’ అను మాటతో మొదలగును. దాని కర్థము ‘అయినను’ అని. పై తరగతి పిల్లలచే దీనిని తెనుగు చేయించితిమి. అప్పుడొక వింత బయటపడినది. కొందరు దానిని రెండు వాక్యములుగా విరిచిరి: నేను మహాపాపిని. కాని ఆశ విడువను. మరికొందరు ఒకే వాక్యముగా నుంచి, పాపినైనను విడువనని వ్రాసిరి. ఏది సరి యని వాదము వచ్చినది. మొదటి విధమున ‘పాపిని’ అన్న తరువాత వాక్యము ఆగును. ఆ యొప్పుకోలు ఒక్క క్షణమైనను స్వతంత్రముగా నిలిచి, మన హృదయమును తాకును. టెన్నిసన్ ఆ యాగుటకు చోటీయలేదు. సిమియను ఒప్పుకోలు పుట్టుచునే అప్రధానవాక్యము, కోరికయే ప్రధానక్రియ. తగ్గుట యంతయు ఎగురుటకు వంగుట వంటిది. ఒక వ్యాకరణాంశము ఒక మనుష్యుని గుట్టును బయట పెట్టినది.

ఇందు మన భాషకొక విశేషమున్నది. ఆంగ్లములో ఆ మాట మొదటనే వచ్చును గనుక, రాబోవునది షరతు గల వినయమని ముందే తెలియును. తెలుగులో ‘అయినను’ చివర వచ్చును. అంతవరకు మనము ఆ వినయమును నమ్ముచునే యుందుము. తమిళములోని ‘ఆనాలుమ్’ కూడ ఇట్లే చివరనే నిలుచును. కావున మన పిల్లవాడు ఈ వాక్యమును మూడు భాషలలో త్రిప్పి చూచునప్పుడు, నమ్మకము ఎప్పుడు పుట్టి ఎప్పుడు విరుగునో తూచి చూడగలుగుచున్నాడు. ఒక్క భాష మాత్రమే తెలిసినవానికి ఈ తూనిక చిక్కదు.

రెండవది అంకెలు. సిమియను మాటలు ఒక చిట్టా పుస్తకము వంటివి. 6 మూరల స్తంభముపై మూడేండ్లు. 12 మూరల దానిపై మూడేండ్లు. 20 మూరల దానిపై ఆరేండ్లు. 40 మూరల ఈ స్తంభముపై ఇరువదియేండ్లు. సూర్యోదయము మొదలు అస్తమయము వరకు పండ్రెండు వందల సారులు వంగి నమస్కరించుట. భక్తుడు లెక్కించుట తప్పా? కాదు. మన తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏటి దినముల కొక్కొక్కటి చొప్పున. డిసెంబరు 31వ తేదీ రాత్రి ఒక్కొక్క మెట్టును పూజించుచు, పాడుచు జనులు ఎక్కుదురు. అచ్చట లెక్క భక్తుని నడిపించును. ఎక్కిన పిమ్మట అతడు దానిని మరచి దిగివచ్చును. సిమియను లెక్క నడిపించునది కాదు, బాకీ వసూలు చేయునది. ఇంత ఇచ్చితిని, ఇంత రావలెనని దేవునికి చీటీ పంపుట వంటిది. పైగా, ఎక్కిన కొలది స్తంభము పెరిగినదే కాని, దిగుట అను మాట ఆ కవిత యంతటను లేదు.

మూడవది, ఫిర్యాదు చేసి చేయలేదనుట. ఎండ, వాన, మంచు, గాలి, దగ్గులు, నొప్పులు, పోట్లు అని వరుసగా చెప్పి, ఈపాటికే తన్ను పరమునకు తీసికొని పోవలసినదని యనును. వెంటనే, తాను సణుగుటలేదని దేవునికి నచ్చచెప్పును. మఠమున నున్నప్పుడు బావిచేద త్రాడును ఒంటికి బిగించి కట్టుకొని, పుండు పడి బయటపడు వరకు ఎవరికిని చెప్పలేదని యనును. ఎవరికిని చెప్పని ఆ రహస్యమును ఇప్పుడు స్తంభము మీదనుండి చెప్పుచున్నాడు! టెన్నిసన్ ఈ బాధల పట్టికను చదివి వినిపించునప్పుడు మధ్య మధ్య పెద్దగా నవ్వెడివాడని ఆయన మిత్రుడు ఫిట్జెరాల్డు చెప్పియున్నాడు. ఆ నవ్వు బాధను చూచి కాదు, బాధకు పట్టిన ముస్తాబును చూచి.

నాలుగవది, ఎవరితో మాటలాడుచున్నాడను ప్రశ్న. ఆంగ్లమున దేవునితోను, జనముతోను మాటలాడునప్పుడు భేదము సూక్ష్మముగా నుండును. తెలుగు చేయువాడు దానిని దాచలేడు. దేవునికి ‘నీవు’ అందుము, అది చనువు. జనమునకు ‘మీరు’ అనవలెనా, ‘ఓరి అమాయకులారా’ అనవలెనా? మొదట సిమియను, జనులు తన్ను పూజించుట తన తప్పు కాదని దేవునికి చెప్పుకొనుచు, వారిని తెలివిలేనివారనును. తరువాత వారివైపు తిరిగి, తాను వారందరికంటె పాపినని చెప్పును. చెప్పుచునే, తాను కొందరి రోగములు కుదిర్చి యుండవచ్చుననియు, తన బాధలకు సరివచ్చు బాధలు ఏ పుణ్యపురుషుడును పడియుండడనియు కలుపును. ప్రతి గొప్ప వెనుకను, దానిదేమున్నది లెమ్మని ఒక చిన్న మాట తగిలించును. పిల్లలు ఆ చిన్న మాట చూచి నవ్విరి. ఇంటికి వచ్చిన బంధువు తన కుమారుని జీతము చెప్పి, ‘ఏదో, దేవుని దయ’ అనునప్పటి గొంతు అందు వినబడినదట. పిల్లలకు విమర్శ ఇట్లు పట్టువడును.

అయిదవది మకుటము. ఇచ్చట మన శతకములను తలచుకొనవలెను. శతకము కూడ ఒక్కని మాటయే. మనకు చేరువనే యున్న శ్రీకాళహస్తిలో, పదునారవ శతాబ్దమున ధూర్జటి చెప్పిన శతకమును తీసికొనుడు. అందును పాపముల యొప్పుకోలు కలదు, లోకముపై విసుగు కలదు, దేవునితో పంతము కలదు. అయితే ఏకపాత్రకావ్యమునకును దానికిని భేదమేమి? శతకమున మాటలాడువాడును, కవియు ఒక్కడే. తన్ను తాను నిలదీసికొనును. ఏకపాత్రకావ్యమున కవి తెర వెనుక నుండి, మాటలాడువానిని మనచే నిలదీయించును. రెండవ భేదము ఇంకను ముఖ్యము. శతకపద్యము ఎంత పరుగెత్తినను, ఎంత కసరినను, తుదకు దేవుని పేరుగల మకుటమున ఆగవలెను. ప్రతి పద్యమునను చివరిమాట దేవునిదే. ఆ ఛందస్సే కవికి వినయము నేర్పును.

సిమియను మాటలలోను మకుటము వంటిది ఒకటి మొదట కలదు: తన పాపము తొలగింపుమను వేడుకోలు. మొదటి భాగమున అది మరల మరల వచ్చును. కాని జనుల కేకలు చెవిని పడి, తాను నిజముగనే పుణ్యపురుషుడనేమో యను తలంపు పాకిన పిమ్మట, ఆ వేడుకోలు సన్నగిల్లును. దాని స్థానమున మరియొక మకుటము వచ్చును. అది తలపై పెట్టుకొను కిరీటము. వెలుగులో దేవదూత దానిని పట్టుకొని నిలిచినట్లు తోచును, అందుకొనబోవును, అది మాయమగును, మరల వచ్చును. ఒకే తెలుగు మాటలోని రెండర్థములును ఈ కవితకు తాళపుచెవి యైనవి: పద్యము చివర దేవునికి సమర్పించు మకుటము పోయి, తన తలకు కావలసిన మకుటము వచ్చినది.

ఛందస్సును గూర్చి ఒక్క మాట. ఈ కవిత అంత్యప్రాస లేని పద్యము. పాదమునకు పది అక్షరములు, అయిదు ఊనికలు. ప్రాస నియమము లేని మన మంజరీద్విపదను కొంతవరకు దీనికి పోల్చవచ్చును. కాని ద్విపదలో సాధారణముగా రెండు పాదములకు భావము నిలుచును. ఇచ్చట వాక్యము పాదము దాటి పాదము పారుచు పోవును. ఆపువాడు లేని మనుష్యుని నోటికి ఆపు లేని పద్యము తగియున్నది. చివరకు దేవదూత తోచినప్పుడు మాత్రము ఆ ప్రవాహము తునకలు తునకలగును. ప్రశ్నలు, అరుపులు, సగము మాటలు. ఇన్ని సంవత్సరములు నిశ్చయముగా పలికిన గొంతున సందేహము పుట్టినది ఆ క్షణముననే. అది నిజమైన దర్శనమా, భ్రమయా? కవి చెప్పడు. మాకు మాత్రము ఆ తునకల యందే అతనిపై జాలి కలిగినది. నవ్వుతో మొదలుపెట్టినవారమును జాలితో ముగింపవలసి వచ్చుట ఆ కవిత గొప్పదనము.

స్తంభము, దానిపై ఒక తపస్వి, క్రింద చేతులు చాచిన జనము. ఈ దృశ్యము మీకెవరికైనను క్రొత్తయా? మన ప్రాంతపు ద్రౌపదమ్మ తిరునాళ్ళు చూచినవారికి ఇది చిన్ననాటినుండి తెలిసినదే. పగలు భారతకథ, రాత్రి వీధినాటకము, తుదిని అగ్నిగుండము. నడుమ ఒకనాడు అర్జునుని తపస్సు. పొలములో ఎత్తైన మాను నాటుదురు. అర్జున వేషధారి పాటలు పాడుచు ఒక్కొక్క మెట్టే ఎక్కి, కొననుండి విభూతియు, నిమ్మపండ్లును, పూలును, అరటిపండ్లును క్రిందికి వేయును. సంతానము కోరు స్త్రీలు కొంగు పట్టి నిలుచుందురు. తమిళము మాటలాడువారును, తెలుగు మాటలాడువారును ఒకే మాను క్రింద తల పైకెత్తి చూతురు.

ఆ మాను ఎక్కినవాడును ఒంటరిగనే పాడును. జనులు అతనికిని నమస్కరింతురు. అయినను అతడు సిమియను కాడు. ఎందుచేత? మొదటిది, అతడు దిగివచ్చును. దిగివచ్చి, వేషము విప్పి, మరునాడు తన పనికి తాను పోవును. రెండవది, అతని పాట వెనుక కథ యున్నది. ఆ కథలో తపస్సు చివరిమాట కాదు. పాశుపతాస్త్రము కోరి తపస్సు చేసిన అర్జునుని యొద్దకు శివుడు కిరాతుడై వచ్చెను. పంది ఎవరి బాణమునకు కూలినదని తగవు. గాండీవధారి ఒక బోయవానితో పోరి ఓడెను. ఓడి, మట్టితో లింగము చేసి, పూలదండ వేసి కొలిచెను. కన్నులు తెరచి చూడగా, తాను లింగమునకు వేసిన దండ ఆ బోయవాని తలపై నుండెను. వెంటనే కాళ్ళపై పడెను. అస్త్రము ఆ తరువాతనే దొరకినది.

సిమియను తన తలకు కిరీటము వెదకెను. అర్జునుడు తాను వేసిన దండను, తాను తక్కువ చేసి మాటలాడిన వాని తలపై చూచెను. ఈ రెండు కథలకును భేదము ఒక్కటే: ఒకదానిలో మారుమాట చెప్పువాడు వచ్చినాడు, రెండవదానిలో రాలేదు, వచ్చినను వినబడలేదు. తాను సగము చెవిటినైతినని సిమియనే చెప్పును. తిరువళ్లూరు వీరరాఘవస్వామి స్థలపురాణమును చూడుడు. శాలిహోత్ర మహర్షి ఏడాది ఉపవాసముండి సిద్ధపరచుకొన్న అన్నమును ఒక ముసలి అతిథి వచ్చి అడిగి తినెను. తిని, ఎచ్చట పరుండవలెనని అడిగెను. ‘ఎవ్వుళ్’ అను ఊరి పాత పేరు ఆ ప్రశ్ననుండి వచ్చినదని చెప్పుదురు. ఊరికి పేరు ఋషి ఉపవాసముల లెక్కనుండి రాలేదు. అతిథి ప్రశ్ననుండి వచ్చినది.

ఇక అసలు సంగతికి వత్తుము. కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు: ఆంగ్ల పద్యమును ఆంగ్లముననే చదివి మార్కులు తెచ్చుకొనరాదా, తెలుగులోనికి త్రిప్పుట యెందుకు అని. ఇది న్యాయమైన ప్రశ్నయే. తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. తిరువళ్లూరు 1997లో జిల్లా అయినది. 2006 నాటి చట్టము వలన తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరి పాఠ్యభాష అయినది. మన పిల్లవాడు తమిళము నేర్వవలెను, ఆంగ్లము నేర్వవలెను, తెలుగునకు మిగులు గంటలు కొన్నియే. ఆ కొన్ని గంటలు దేనికి వినియోగింపవలెను?

మా సమాధానము ఇది. తెలుగు గంట పొగడ్తలు వల్లించుటకు కాదు, వినుట నేర్చుటకు. మాటలో నున్న మాటను, మాట వెనుకనున్న మాటను వినుట. ఆ విద్య ఇంటిభాషలోనే ముందు పట్టువడును; ఏలయన గొంతులో తేడా పసిగట్టుట బిడ్డ తల్లి మాటనుండియే నేర్చును. చుట్టము ‘ఏదో, దేవుని దయ’ అన్నప్పుడు నవ్వగలిగిన బాలుడే టెన్నిసన్ కవితలో నవ్వవలసిన చోటు గుర్తింపగలిగెను. ఈ విద్య నేర్చినవాడు రేపు ఎన్నికల వేదికమీది మాటను, ప్రకటనల మాటను, దేవుని పేర ధనమడుగువాని మాటను గూడ వినగలుగును. ఊరక నమ్మడు, ఊరక త్రోసివేయడు. ఇంతకంటె పెద్ద ప్రయోజనము మేము ఎరుగము.

మరియొకటి గలదు, చెప్పుటకు కొంచెము కష్టము. మన భాషాసంఘములకు కూడ ఒక స్తంభమున్నది. సభ పెట్టినప్పుడెల్ల దాని నెక్కుదుము. రాయలవారు మన భాషను మెచ్చుకొనిరని 6 మూరలు; త్యాగయ్యగారు తంజావూరు సీమలో నుండియు తెలుగుననే పాడిరని 12 మూరలు; 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు రాష్ట్రపతి యైనారని 20 మూరలు; మనకు జరిగిన అన్యాయములన్నియు చేర్చి 40 మూరలు. చెప్పినవన్నియు నిజములే కావచ్చును. సిమియను పడిన బాధలును అబద్ధములు కావు గదా! కాని అంత ఎత్తునుండి చూచునప్పుడు, ఇంటిలో మన పిల్లవాడు తాతగారికి తెలుగులో నాలుగు వాక్యముల ఉత్తరము వ్రాయలేకున్నాడను సంగతి కనబడదు. ప్రక్కింటి తమిళ సోదరుడు ఏమనుచున్నాడో వినబడదు. హక్కులు అడుగవలదని మేము చెప్పుటలేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956 నాటి సవరణ వలన రాజ్యాంగముననే చేరినది; అడుగవలసినదే. అడుగువాడు నేలమీద నిలిచి అడుగవలెను. ఎదుటివాని సమాధానము వినబడునంత దూరములో నిలిచి అడుగవలెను.

ఈ ప్రసంగమంతయు మేము ‘మేము’ అనియే మాటలాడితిమి. అప్పుడప్పుడు ‘మనము’ అనియు అంటిమి. ఆంగ్లమున రెంటికి ఒకటే మాట. తెలుగులో ‘మేము’ అనిన వినువాడు బయట నుండును. ‘మనము’ అనిన లోపలికి వచ్చును. తమిళములో ‘నాంగళ్’, ‘నామ్’ అను మాటలకును ఇదే భేదము. ఈ రెండు భాషలును ఈ విషయమున తోబుట్టువులు. సిమియను చివరివరకు ‘నేను’ దాటి రాలేదు. మన మొక మెట్టు దిగి ‘మేము’ వరకు వచ్చితిమి. ఇంకొక మెట్టు మిగిలియున్నది.

నేటి రాత్రి మీ యింట ఒక పని చేయవలసినదిగా కోరుచున్నాము. వేదికమీది దుర్యోధనుని చూచి యింటికి పోవునప్పుడు, దారిలో మీ బిడ్డను అడుగుడు: అతడు ఏమి చెప్పెను, నీకు ఏమి వినబడెను అని. బిడ్డ చెప్పు సమాధానమును అడ్డుపడక వినుడు. అది మీ మాటకు మారుమాట యైనను వినుడు. మనము వేసిన దండ ఆ తలపైననే కనబడవచ్చును.

సెలవు.